వీడియో కూర్పు: ఫ్రేముల లెక్క, ఫైళ్ల భద్రత

కంటితో చూచినదాన్ని, చెవితో విన్నదాన్ని కాలగర్భంలో కలిసిపోకుండా దాచుకోవాలనే కోరిక మానవునికి చిరకాలంగా ఉన్నది. ఒకప్పుడు ఆ కోరిక తీరాలంటే స్టూడియోలు, రీళ్లు, ప్రయోగశాలలు కావలసి వచ్చేవి. నేడు ప్రతి విద్యార్థి జేబులోను ఒక కెమెరా ఉన్నది. అయితే దృశ్యాన్ని తీయడం సులభమైనంతగా, తీసినదాన్ని చెడకుండా నిలుపుకోవడం, ఒక వరుసలో కూర్చి చూపడం సులభం కాలేదు. ఆ పనికి కొంత లెక్క తెలియాలి, కొంత క్రమశిక్షణ కావాలి. ఈ రెండింటినీ మేము ఒక పొరపాటు వలన నేర్చుకున్నాము. అటువంటి పొరపాటు మా తరువాతి వారు చేయకూడదనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాము.

గడచిన సంవత్సరం మా కళాశాల వార్షికోత్సవంలో ముషాయిరా, కవి సమ్మేళనం ఒకే వేదికపై జరిగాయి. వాటిని చిత్రించే బాధ్యతను పెద్దలు మాకు అప్పగించారు. మా వద్ద ఉన్నవి ఒక వీడియో కెమెరా, రెండు ఫోన్లు, ఒక ధ్వనిముద్రణ యంత్రం. ఆ రాత్రి, పదవీ విరమణ చేయబోతున్న మా ఉర్దూ ఆచార్యులు తమ గజల్ వినిపించారు. ఒక్కొక్క షేర్ ముగిసినప్పుడల్లా మా తెలుగు అధ్యాపకులు లేచి దాని భావాన్ని తెలుగులో చెప్పారు. రెండు భాషల విద్యార్థులు ఒకే సమయంలో చప్పట్లు కొట్టిన ఘట్టమది.

మరునాడు కెమెరాలోని రెండు కార్డులను కంప్యూటరులోకి ఎక్కించాము. కార్డు మార్చినప్పుడు కెమెరా తన ఫైళ్లకు మళ్లీ ఒకటో సంఖ్య నుండి పేర్లు పెట్టింది. రెండవ కార్డును కూడా అదే ఫోల్డరులోకి దించుతుండగా, ఆ పేర్లు గల ఫైళ్లు ఇదివరకే ఉన్నాయి, వాటి స్థానంలో వీటిని ఉంచమంటారా అని కంప్యూటరు అడిగింది. తొందరలో మాలో ఒకరు అవునని నొక్కారు. ఆ సాయంత్రమే ఆటల పోటీల కోసం కార్డులను చెరిపివేశాము. ఆచార్యుల వారి గజల్ మొదటి కార్డులో ఉన్నది.

మిగిలిన దృశ్యాలనైనా కూర్చుదామని కూర్చుంటే మరొక చిక్కు ఎదురైంది. మొదట్లో సరిగానే ఉన్న మాటలు, పెదవులు పోనుపోను విడిపోయాయి. అరగంట గడిచేసరికి కవి పెదవి విప్పిన తరువాత గాని మాట వినిపించలేదు. ఎందుకిలా జరిగిందో వెదుకుతూ మేము తెలుసుకున్న విషయాలను ఇక్కడ వరుసగా మనవి చేస్తాము.

ఫ్రేము రేటు అనగానేమి?

చలనచిత్రంలో నిజానికి చలనం లేదు. కదలని బొమ్మలను ఒకదాని వెంట ఒకటి త్వరత్వరగా చూపితే మన కంటికి, మెదడుకు అవి కదులుతున్నట్లు తోస్తుంది. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటారు. ఒక సెకనులో ఎన్ని ఫ్రేములు చూపుతారో ఆ సంఖ్యే ఫ్రేము రేటు.

మూకీల కాలంలో కెమెరాలను చాలావరకు చేతితో తిప్పేవారు. కొంచెం వేగం హెచ్చినా తగ్గినా మనుషుల నడక మాత్రమే మారేది. టాకీలు వచ్చేసరికి ఈ వెసులుబాటు పోయింది. ఫిల్ము వేగం మారితే దానిపై ముద్రించిన గొంతు కూడా మారిపోతుంది. అందుచేత సెకనుకు 24 ఫ్రేములనే స్థిరమైన లెక్క ఏర్పడింది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు కాబట్టి, ఈ వేగంతో నిమిషానికి 90 అడుగుల ఫిల్ము నడుస్తుంది. 1931లో విడుదలైన హిందూస్థానీ టాకీ ‘ఆలం ఆరా’తోను, 1932 నాటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’తోను మన దేశం ఈ శబ్దయుగంలో ప్రవేశించింది.

టెలివిజన్ వచ్చినప్పుడు లెక్క మరొక విధంగా కుదిరింది. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది. దానికి అనుగుణంగా ఇక్కడి టెలివిజన్ సెకనుకు 25 ఫ్రేములను ఎంచుకున్నది. 1959లో ఢిల్లీలో మొదలైన ప్రసారాలు, 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల గ్రామాలకు అందిన విద్యా కార్యక్రమాలు, 1977లో ప్రారంభమైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం, 1982లో వచ్చిన రంగుల ప్రసారం అన్నీ ఈ 25 లెక్కపైనే నడిచాయి.

అమెరికాలో విద్యుత్తు ఆవృత్తులు 60. కావున అక్కడ 30 ఫ్రేముల పద్ధతి వచ్చింది. 1953లో రంగుల ప్రసారానికి ప్రమాణాలు నిర్ణయించినప్పుడు, రంగుల సంకేతానికి శబ్ద సంకేతానికి నడుమ ఘర్షణ లేకుండా ఆ 30ని ఇంచుకంత తగ్గించి 29.97 చేశారు. చూడటానికి స్వల్పమైన ఈ తేడా నేటికీ కూర్పు చేసేవారిని వేధిస్తూనే ఉన్నది. సరిగా 30 అనుకొని లెక్కించినది, నిజంగా 29.97తో నడిచేది గంట గడిచేసరికి 3.6 సెకన్ల ఎడంలో నిలుస్తాయి. దీనిని సరిదిద్దుటకు ప్రతి నిమిషం ఆరంభంలో రెండు ఫ్రేము సంఖ్యలను దాటవేసి, పదవ నిమిషాలలో మాత్రం దాటవేయకుండా లెక్కించే పద్ధతి ఒకటి ఉన్నది. ఆ విధంగా గంటకు 108 సంఖ్యలు తగ్గుతాయి. ఇక్కడ తగ్గేవి సంఖ్యలే గాని బొమ్మలు కావని గుర్తుంచుకోవాలి.

లెక్క తప్పితే ఏమవుతుంది?

మా కెమెరా 25 ఫ్రేములతో తీసింది. ఫోన్లు మాత్రం 30తో తీశాయి. 25 ఫ్రేముల ప్రాజెక్టులో 30 ఫ్రేముల దృశ్యాన్ని ఉంచితే, సాఫ్ట్‌వేరు ప్రతి సెకనులోను 5 ఫ్రేములను వదిలివేస్తుంది. వేదికపై నిలబడి మాట్లాడే మనిషి విషయంలో ఇది అంతగా తెలియదు. కెమెరా సభికుల మీదుగా పక్కకు కదిలినప్పుడు మాత్రం దృశ్యం కుదుపులతో సాగుతుంది. 24ను 25లో ఉంచితే సెకనుకు ఒక ఫ్రేము రెండుసార్లు కనబడుతుంది.

మరొక మార్గం, ఫ్రేములను వదలక వేగాన్నే మార్చడం. 25 ఫ్రేముల దేశాలలో సినిమాలను టెలివిజన్‌లో చూపేటప్పుడు సాధారణంగా ఇలాగే చేసేవారు. 24కు బదులు 25 చొప్పున నడిపితే 150 నిమిషాల చిత్రం 144 నిమిషాలలో ముగుస్తుంది. శబ్దాన్ని సవరించకపోతే గాయకుల శ్రుతి కూడా కొంత హెచ్చుతుంది. ఇదే పని తెలియక చేస్తే అనర్థమే. 30 ఫ్రేములతో తీసిన గంట దృశ్యాన్ని 25గా చదివితే అది 72 నిమిషాలకు సాగుతుంది. తెలిసి చేస్తే అదే ఒక సౌకర్యం. 50 ఫ్రేములతో తీసి 25గా చూపితే పరుగు పందెం సగం వేగంతో, స్పష్టంగా కనిపిస్తుంది.

మా పెదవులు, మాటలు విడిపోవడానికి అసలు కారణం ఇంకొకటి. ఫోన్లలో చాలావాటి ఫ్రేము రేటు స్థిరంగా ఉండదు. వెలుతురు తగ్గినప్పుడు, యంత్రం వేడెక్కినప్పుడు ఫోను తనంతట తానే ఫ్రేముల సంఖ్యను తగ్గిస్తుంది. 30 అని పైకి చెప్పినా, లోపల ఒక సెకనులో 30, మరొక సెకనులో 27 ఉండవచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ హెచ్చుతగ్గులను గుర్తించక, అన్నీ సమానమనుకొని బొమ్మలను పరుస్తాయి. శబ్దం తన దారిన సరిగా సాగిపోతుంది. బొమ్మ దానికి దూరమవుతుంది. వార్షికోత్సవం నాటి మసక దీపాలలో జరిగినది ఇదే.

దీనికి మందు ఉన్నది. కూర్పు మొదలుపెట్టక ముందే ఫోను దృశ్యాలను స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చుకోవాలి. హ్యాండ్‌బ్రేక్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పని చేస్తాయి. అంతకంటె మేలైనది, తీయబోయే ముందే అందరూ ఒక మాట అనుకోవడం. మన దేశంలో సభలను 25తో గాని 50తో గాని తీయడం మంచిది. మన దీపాలలో పెక్కు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతుగా గాని 100వ వంతుగా గాని ఉంచితే ఆ మినుకు చిత్రంలో కనబడదు. ప్రాజెక్టు ఫ్రేము రేటును కూడా మొదటనే నిర్ణయించాలి. ఒకసారి దృశ్యాలను చేర్చిన తరువాత దానిని మార్చనివ్వని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

క్యారియరు వేరు, అందులోని వంటకం వేరు

ఎం.పి.4, ఎం.ఓ.వి., ఎం.కె.వి. అనే పేర్లను అందరూ వింటుంటారు. వీటినే ఫార్మాట్లనుకొని, పేరు చివరి అక్షరాలను మార్చితే ఫార్మాటు మారుతుందని భ్రమపడేవారు ఉన్నారు. నిజానికి ఇవి టిఫిన్ క్యారియర్ల వంటివి. ఒక గిన్నెలో బొమ్మ, మరొక గిన్నెలో శబ్దం, ఇంకొకదానిలో ఉపశీర్షికలు ఉంటాయి. గిన్నెలో ఏ వంటకం ఉన్నదో క్యారియరు ఆకారం చెప్పదు. ఆ వంటకాన్ని కోడెక్ అంటారు. అనగా దృశ్యాన్ని కుదించి భద్రపరచే, తిరిగి విప్పే పద్ధతి. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264, 2013 నాటి హెచ్.265 నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

కుదింపు ఎంత అవసరమో ఒక చిన్న లెక్క వలన తెలుస్తుంది. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల బొమ్మలో ఒక్కొక్క చుక్కకు మూడు బైట్లు చొప్పున వేసుకుంటే ఒక్క ఫ్రేముకు సుమారు 6.2 మెగాబైట్లు అవుతుంది. సెకనుకు 25 ఫ్రేములు చొప్పున గంటకు సుమారు 560 గిగాబైట్లు. అదే దృశ్యాన్ని సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున కుదిస్తే గంటకు 22.5 గిగాబైట్లతో సరిపోతుంది.

ఇంతటి కుదింపు ఎలా సాధ్యం? అధ్యాపకుడు నెల మొదటి రోజున తరగతి పట్టీ అంతా రాసుకొని, తరువాతి రోజులలో వచ్చిన మార్పులు మాత్రమే గుర్తించుకున్నాడనుకుందాము. పట్టీ చిన్నదవుతుంది. కాని పదవ రోజున ఎవరెవరు ఉన్నారో చెప్పాలంటే మొదటి రోజు నుండి లెక్క కట్టుకుంటూ రావాలి. హెచ్.264 కూడా అంతే. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ, నడుమ మార్పులు మాత్రమే దాచుకుంటుంది. చూడటానికి ఇది చాలు. కూర్పు చేసేవారు మాత్రం ఏ ఫ్రేము దగ్గరనైనా ఆగాలి, కోయాలి, వెనుకకు నడవాలి. ప్రతిసారీ లెక్క కట్టవలసి వచ్చి పాత కంప్యూటర్లు అలసిపోతాయి.

దానికి ఉపాయం ప్రాక్సీ. హాజరు పలకడంలో ప్రాక్సీ నేరమే గాని, కూర్పులో అది నేరం కాదు. పెద్ద ఫైలుకు బదులు చిన్న నకలును తయారుచేసి దానితో కూర్పు సాగిస్తారు. పని ముగిసిన తరువాత సాఫ్ట్‌వేరు ఆ నకలు స్థానంలో అసలు ఫైలును ఉంచి తుది ప్రతిని తయారుచేస్తుంది. కేడెన్‌లైవ్, షాట్‌కట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో కూడా ఈ సౌకర్యం ఉన్నది. అయితే ప్రాక్సీని చూచి, అసలు అవసరం తీరిందనుకొని దానిని చెరిపివేయరాదు. అసలు లేకుంటే మిగిలేది నకలే.

ఫైలును కుదించిన ప్రతిసారీ కొంత నష్టం ఉంటుందని కూడా తెలుసుకోవాలి. జెరాక్సు ప్రతికి జెరాక్సు తీసి, దానికి మరల జెరాక్సు తీస్తే అక్షరాలు అలికినట్లవుతాయి. సందేశాల యాప్‌లలో చేతులు మారిన వీడియో గతి తరచు ఇదే. అందుకే కూర్పుకు ఎప్పుడూ కెమెరాలోని అసలు ఫైలునే తీసుకోవాలి.

ప్రాజెక్టు ఫైలు ఒక గ్రంథాలయ పట్టిక

సాఫ్ట్‌వేరులో ప్రాజెక్టును భద్రపరచగానే దృశ్యాలు కూడా భద్రమైనవని చాలామంది అనుకుంటారు. మేమూ అనుకున్నాము. ప్రాజెక్టు ఫైలు గ్రంథాలయంలోని పట్టిక కార్డు వంటిది. పుస్తకం ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నదో కార్డు చెబుతుంది. కార్డులో పుస్తకం ఉండదు. పుస్తకాన్ని మరొక అరలోకి మార్చినా, పేరు మార్చినా కార్డు చెప్పేది పనికిరాదు. ఫైళ్లను అటూ ఇటూ కదిపినప్పుడు సాఫ్ట్‌వేరు తెరపై మాధ్యమం అందుబాటులో లేదని చూపడానికి కారణం ఇదే. కొత్త చోటు చూపిస్తే అది మళ్లీ కలుపుకొంటుంది. ఫైలే లేకుంటే చేయగలిగినది లేదు.

ఇప్పుడు మేము పాటిస్తున్న పద్ధతి ఇది. ప్రతి కార్యక్రమానికి తేదీతో ఒక ఫోల్డరు. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తాము. అప్పుడు ఫోల్డర్లు వాటంతట అవే కాలక్రమంలో నిలుస్తాయి. దానిలో దృశ్యాలకు, శబ్దానికి, ప్రాజెక్టుకు, తుది ప్రతికి వేరువేరు అరలు. దృశ్యాల అరలో ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్క ఉప ఫోల్డరు. ‘కార్డు 1’, ‘కార్డు 2’ అనే ఈ రెండు చిన్న పేర్లు ఆనాడు ఉండి ఉంటే గజల్ దక్కేది. కార్డులోని ఫైళ్లను ఏరుకొనక మొత్తం ఉన్నదున్నట్లు దించుకుంటాము. దించిన తరువాత ఫైళ్ల సంఖ్యను, పరిమాణాన్ని సరిచూచి, కొన్నింటిని తెరచి చూస్తాము. రెండుచోట్ల ప్రతులు చేరిన తరువాతనే కార్డును చెరుపుతాము.

ఇంకొక చిన్న హెచ్చరిక. కొన్ని పాత కార్డులలోను, పెన్‌డ్రైవులలోను వాడే ఫ్యాట్32 పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ 4 గిగాబైట్లకు మించరాదు. అందుచేత కెమెరాలు సుదీర్ఘ ప్రసంగాన్ని ముక్కలుగా విడదీసి దాచవచ్చు. ఒక ముక్కను మాత్రమే దించుకుంటే ప్రసంగం నడిమధ్యలో తెగిపోతుంది.

రెండు లిపుల కళాశాల

మన కళాశాల చిత్రాలలో పేర్లను ఉర్దూలోను తెలుగులోను వేయవలసి ఉంటుంది. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది. దాని అక్షరాలు పదంలోని స్థానాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి. తెలుగులో ఒత్తులు, గుణింతాలు హల్లులతో కలిసిపోతాయి. ఈ కలయికలు తెలియని సాఫ్ట్‌వేరులో ఉర్దూ అక్షరాలు విడివిడిగా, తలక్రిందుల వరుసలో నిలుస్తాయి. తెలుగు ఒత్తులు విరిగిపోతాయి. కనుక కూర్పు చివరిదాకా ఆగక, మొదటి రోజునే రెండు భాషలలో ఒక్కొక్క వాక్యం వేసి పరీక్షించుకోవాలి. ఉపశీర్షికల ఫైలును యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో భద్రపరిస్తే రెండు లిపులూ ఒకే ఫైలులో క్షేమంగా ఉంటాయి. ఒకరి పేరును తప్పు రూపంలో తెరపై చూపడం చిన్న విషయం కాదు.

మూడు ప్రతుల సూత్రం

‘ఆలం ఆరా’ అనే పేరును పైన ప్రస్తావించాము. మన దేశపు తొలి టాకీ అయిన ఆ చిత్రం నేడు ఎక్కడా చూడటానికి లభ్యం కాదు. ఛాయాచిత్రాలు మిగిలాయి, పూర్తి ప్రతి ఒక్కటీ మిగలలేదు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో గాని ఏర్పడలేదు. లక్షల మంది చూచి ఆనందించినదైనా, ఎవరో ఒకరు బాధ్యత వహించి దాచకపోతే నిలవదని ఇందువలన తెలుస్తున్నది.

భద్రతకు అనుభవజ్ఞులు చెప్పే సూత్రం సులభమైనది. ప్రతులు మూడు ఉండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాలపై ఉండాలి. వాటిలో ఒకటి వేరొక చోట ఉండాలి. ఒకే గదిలోని మూడు డిస్కులను ఒకే వాన, ఒకే అగ్ని ప్రమాదం, ఒకే దొంగతనం పోగొట్టగలవు. డిస్కులకు కూడా ఆయుర్దాయం ఉన్నది కాబట్టి ఏడాదికొకసారి తెరచి చూచి, పాతబడినవాటి నుండి కొత్తవాటికి మార్చుకోవాలి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం స్వల్పమైనది. రెండు హార్డ్ డిస్కులు కొనిపించి, ఒకటి గ్రంథాలయంలోను, మరొకటి కార్యాలయపు బీరువాలోను ఉంచే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. మూడవ ప్రతిని ఇంటర్నెట్‌లోని నిల్వ స్థలంలో మేము ఉంచగలము. గ్రంథాలయంలో పుస్తకాలకున్నట్లే దృశ్యాలకు కూడా ఒక రిజిస్టరు ఉండాలి. అందులో తేదీ, కార్యక్రమం, పాల్గొన్నవారు, ఫ్రేము రేటు, ఫైళ్ల సంఖ్య, దించినవారి సంతకం రాయాలి. ఏటా బృందం మారుతుంది, రిజిస్టరు మారదు.

ఆచార్యుల వారి గజల్ సంగతి చెప్పి ముగిస్తాము. ముందు వరుసలో కూర్చున్న ఒక విద్యార్థిని తన ఫోనులో నాలుగు నిమిషాలు తీసి, స్నేహితురాలికి యాప్ ద్వారా పంపినది మాకు దొరికింది. అసలు ఆమె ఫోనులో అప్పటికే లేదు. బొమ్మ మసకగా ఉన్నది; చివరి రెండు షేర్‌లు లేవు; తెలుగు అనువాదం సగంలో ఆగిపోయింది. దానిని ఆచార్యుల వారికి చూపి క్షమించమని అడిగాము. వారు మౌనంగా రెండుసార్లు చూచి, ‘చప్పట్లు వినిపిస్తున్నాయి కదా, అది చాలు’ అన్నారు. వారి మంచితనం అటువంటిది. మాకు మాత్రం అది చాలలేదు.

ఆ నాలుగు నిమిషాల ఫైలుకు ఇప్పుడు మూడు ప్రతులు ఉన్నాయి. మా చేతిరాత రిజిస్టరులో మొదటి పద్దు అదే.